ఫోన్‌లో ముఖం మాత్రమే కనిపిస్తుంది

మాది ఇందుకూరుపేట నుంచి మైపాడుకు పోయే దారిలో ఒక పల్లె. నేను మగ్గం పని చేస్తాను. నాలుగు కర్రల చట్రానికి జాకెట్ గుడ్డను బిగించి కట్టి, కొక్కెం మొన ఉన్న సన్నటి సూదితో జరీ, పూసలు, చమ్కీలు కుట్టడం నా పని. ఎక్కువగా పెళ్ళికూతుళ్ళ జాకెట్లు వస్తాయి. మా ఆయన ఆటో నడుపుతాడు. మా అమ్మాయి నెల్లూరులో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఇంట్లో ఉండేది మా ఆయనా, నేనూ, మా అత్తమ్మా.

నాకు బైపోలార్ అనే జబ్బు ఉంది. ఈ మాట ఇలా సూటిగా రాయడానికి చాలా కాలం పట్టింది. జబ్బు మీద నాకిప్పుడు పెద్దగా కోపం లేదు. అది ఎవరినీ అడిగి రాదు. నా కోపమంతా దానికి దొరికిన వైద్యం మీద. నన్ను రెండు ముక్కలు చేసి, మనసునొకరికీ, ఒంటినొకరికీ పంచి, ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా చేసిన పద్ధతి మీద.

జబ్బు ఎలా బయటపడిందో ముందు చెబుతాను. ఒక ఏడు తుపాను వానల కాలమంతా నేను మంచం దిగలేదు. స్నానం చేయాలంటే కొండ ఎక్కమన్నట్టు ఉండేది. మా ఆయన అన్నం కలిపి పెడితే రెండు ముద్దలు తిని గోడ వైపు తిరిగి పడుకునేదాన్ని. వానలు వెనకబట్టాక నేను లేచాను. లేవడం కాదు, ఎగిరాను. నిద్ర అక్కర్లేదనిపించింది. వచ్చిన ప్రతి ఆర్డరూ ఒప్పుకున్నాను. ఒక పెళ్ళికూతురి జాకెట్ పని మొత్తం పూర్తయ్యాక, ఆ డిజైన్ నాకు నచ్చలేదని కుట్టినదంతా విప్పేసి నా బుర్రలో తోచిన నెమళ్ళు కుట్టడం మొదలుపెట్టాను. ఆ పిల్ల తల్లి వచ్చి మా వరండాలో నిలబడి ఏడ్చింది. నేను నవ్వాను. ఆ నవ్వు చూసి మా ఆయన భయపడ్డాడు.

"నెల్లూరు ఆసుపత్రికి పోతే ఎవురో ఒకరు చూస్తారు," అన్నాడు. "రేపు పొద్దునకల్లా ఆటో స్టాండంతా తెలిసిపోతాది. ఫోన్లోనే చూసే డాక్టర్లు ఉండారంట. అడుగుదాం."

అలా ఒక కంపెనీ యాప్‌లో చేరాము. మందులు రాసే డాక్టరు ఒకరు, మాట్లాడే థెరపిస్టు ఒకరు, ఇద్దరూ అక్కడే దొరుకుతారని ప్రకటన. ఇంట్లో ఫోన్ మాట్లాడితే అత్తమ్మకూ పక్కింటికీ వినిపిస్తుంది కాబట్టి, అపాయింట్‌మెంట్ వేళకు మా ఆయన నన్ను ఆటోలో ఎక్కించుకుని సముద్రం వైపు తీసుకుపోయేవాడు. సరుగుడు తోట పక్కన ఆటో ఆపి, తాను దిగి, దూరంగా నడిచిపోయి, నా వైపు వీపు పెట్టి నిలబడేవాడు. నేను వెనక సీట్లో కూర్చుని ఫోన్‌ను ముందు సీటు కమ్మీకి ఆనించి మాట్లాడేదాన్ని. గాలి హోరు ఎక్కువైతే చీర కొంగు ఫోన్ చుట్టూ అడ్డం పెట్టేదాన్ని.

ఉన్నమాట చెప్పాలి. మొదట్లో అది నన్ను నిలబెట్టింది. మొదటి డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. జబ్బు పేరు చెప్పి, అదేమిటో వివరించి, లిథియం అనే మాత్ర మొదలుపెట్టింది. మా ఆయన అనుమానంగా, "ఫోన్ బ్యాటరీలో ఉండేది గదా మేడం అది?" అని అడిగితే ఆమె నవ్వి, "అదేనండీ, కానీ ఇది మనుషుల కొలత," అంది. రక్తపరీక్ష చేయించమంది, చేయించాము. దాన్ని బట్టి మాత్ర పెంచింది. మళ్ళీ పరీక్ష ఎప్పుడు చేయించాలో, ఏమేం జాగ్రత్తలు పాటించాలో వచ్చేసారి తీరిగ్గా చెబుతానంది.

ఆ వచ్చేసారి ఆమె లేదు. కంపెనీ వదిలి వెళ్ళిపోయిందట. తెర మీద కొత్త డాక్టరు ప్రత్యక్షమయ్యాడు. పెద్దాయన, కళ్ళజోడు. మాట్లాడుతున్నంతసేపూ ఆయన కళ్ళు నా మీద కాక పక్కన ఇంకేదో తెర మీద ఉండేవి.

థెరపిస్టు మాత్రం మారలేదు. ఆమె హైదరాబాదు నుంచి మాట్లాడేది. నాకంటే చిన్నదే. వారం వారం ఆమెతో మాట్లాడేదాన్ని. విప్పేసిన ఆ జాకెట్ గురించి, నవ్విన నవ్వు గురించి, ఆ తల్లికి ముఖం చూపించలేక మార్కెట్‌కు వేరే దారిలో పోవడం గురించి అన్నీ ఆమెకే చెప్పుకున్నాను. "ఆ రోజు నవ్వింది మీరు కాదు అని నేను అనను. మీరే. కానీ మీ చేతిలో లేని రోజుల్లో ఉన్న మీరు," అంది ఒకసారి. ఆ మాట విని ఆటోలో కూర్చుని చాలాసేపు ఏడ్చాను. మరుసటి వారం ఆ తల్లి ఇంటికి వెళ్ళి మాట్లాడి వచ్చాను. ఆమె టీ ఇచ్చింది.

ఇద్దరూ ఒకే కంపెనీలో ఉన్నారు కదా, నా గురించి ఒకరికొకరు చెప్పుకుంటూనే ఉంటారనుకున్నాను. ఎవరైనా అలాగే అనుకుంటారు. హోటల్లో వంటవాడికీ వడ్డించేవాడికీ మధ్య కూడా ఒక మాట ఉంటుంది.

చేతులు వణకడం చలికాలం చివర్లో మొదలైంది. ముందు సన్నగా ఉండేది. సూది మొనను దారానికి తగిలించబోతే పక్కకు పోయేది. పూసలు వేలి మీద నిలిచేవి కావు. అప్పటికే పెళ్ళిళ్ళ పని మీద పడింది. వంగి వంగి కుట్టడం వల్ల మెడా, మణికట్టూ నొప్పి. వణుకు కూడా ఆ నొప్పి వల్లేననుకుని మెడికల్ షాపుకు పోయాను.

"ఏందక్కా, చెయ్యి అట్ట వణుకుతుండాది?" అన్నాడు షాపతను, నలుగురూ వినేట్టు.

"నొప్పన్నా. మణికట్టు కాడ."

"రెండు పూటలా ఇది ఏసుకో. తగ్గిపోద్ది."

వేసుకున్నాను. నొప్పి తగ్గేది, మళ్ళీ వచ్చేది, మళ్ళీ వేసుకునేదాన్ని.

డాక్టరుతో అపాయింట్‌మెంట్ వచ్చింది. ఆ సంభాషణ నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది, ఎందుకంటే అది ప్రతిసారీ ఒకటే.

"నిద్ర?"

"పడుతోంది సార్."

"ఆకలి?"

"ఉంది సార్."

"మూడ్ ఎలా ఉంది? చిరాకు, కోపం?"

"పరవాలేదు సార్. చేతులే కొంచెం వణుకుతున్నాయి."

"కొంచెం వణుకు ఈ మందుతో నార్మల్ అమ్మా. సేమ్ కంటిన్యూ చేయండి. ఏదైనా ఉంటే సపోర్ట్ చాట్‌లో పెట్టండి."

ఫోన్‌లో ఆయనకు నా ముఖం మాత్రమే కనిపిస్తోంది. ఆ ముఖానికి నేను బొట్టంత పౌడర్ రాసుకుని, జుట్టు దువ్వుకుని వెళ్ళాను. నా చేతులు ఒళ్ళో ఉన్నాయి. ఎంత వణుకుతున్నాయి, ఏదీ చూపించు అని ఆయన అడగలేదు. ఇంకేమైనా మందులు వాడుతున్నావా అని అడగలేదు. రక్తపరీక్ష ఊసే లేదు. తెర నల్లబడిపోయింది.

థెరపిస్టుకు చెప్పాను. ఆమె అడిగింది, నిజంగానే అడిగింది. "వణుకు ఎప్పుడు ఎక్కువగా ఉంటుంది?"

"మగ్గం ముందర కూర్చున్నప్పుడు మేడం."

"ఆర్డర్ల గడువు దగ్గరపడుతున్నప్పుడు కదా. ఆందోళన ఒంట్లోకి అలా కూడా దిగుతుంది. మనం ఒక ఊపిరి అభ్యాసం చేద్దాం."

చేశాను. సరుగుడు తోట పక్కన ఆటోలో కూర్చుని, కళ్ళు మూసుకుని, ముక్కుతో పీల్చి నోటితో వదిలాను. రోజూ చేశాను. మణికట్టు నొప్పి గురించీ, మాత్ర వేసుకుంటున్న సంగతీ కూడా ఆమెకు చెప్పాను. "మందుల విషయం డాక్టరు గారితో మాట్లాడండి," అంది. ఆ డాక్టరుతో మాట్లాడటానికి నాకు దొరికేది ఎంతసేపో ఆమెకు తెలియదు.

ఇంతలో రంజాన్ నెల వచ్చింది. ఒంట్లో బాగాలేని వాళ్ళకు ఉపవాసం నుంచి మినహాయింపు ఉంది, అది అందరికీ తెలుసు. కానీ బాగాలేకపోవడమంటే ఏమిటో ఇంట్లో వాళ్ళకు వాళ్ళ లెక్క వాళ్ళకుంది.

"నీకేం జరమా, కామెర్లా?" అంది అత్తమ్మ. "నేను షుగరు పెట్టుకొని ఉంటుండా ఒక్కపొద్దులు. నీ మాత్రలు తెల్లారకముందు సహరీకి ఒకటి, పొద్దుగూకినాక ఇఫ్తారుకు ఒకటి ఏసుకో."

నాకూ ఉండాలనే ఉంది, అది దాచను. వానల కాలమంతా మంచంలో పడి ఉండి అందరికీ దూరమయ్యాను. ఈ నెలైనా అందరితో కలిసి ఉండాలనుకున్నాను. ఆ వారం థెరపిస్టుకు ఆ మాటే చెబితే, "మీకు మళ్ళీ మనుషుల్లో కలవాలనిపిస్తోంది, అది మంచి గుర్తు," అంది. ఆమె దృష్టిలో అది మంచి గుర్తే. ఆమె చదువుకున్నది అదే. ఉపవాసానికీ ఆ మాత్రకూ సంబంధం ఉందని చెప్పాల్సిన మనిషి వేరే తెర మీద ఉన్నాడు, ఆయనకు నేనెవరో, ఏ ఇంటి మనిషినో, ఏ నెలలో ఏం చేస్తానో తెలియదు. నా పేరు ఆయన ముందు ఉంది. ఆ పేరు చదివితే చాలు, రంజాన్ వస్తోంది కదా అని అడగడానికి.

ఎండలు అప్పటికే ముదిరాయి. మధ్యాహ్నం కరెంటు పోతే రేకుల వరండాలో కూర్చుని కుట్టేదాన్ని. చెమట కారి గుడ్డ మీద పడకుండా మెడకు తువాలు చుట్టుకునేదాన్ని. ఒక్కపొద్దు కాబట్టి గుక్కెడు నీళ్ళు లేవు. సాయంత్రం ఖర్జూరం నోట్లో వేసుకున్నాక మొదట మింగేది నొప్పి మాత్రే. వణుకు ఇప్పుడు సన్నగా లేదు. గ్లాసు పట్టుకుంటే నీళ్ళు ఒలికేవి. నడుస్తుంటే కాళ్ళు ఎడంగా పడేవి. కడుపులో తిప్పేది. ఉపవాసం వల్ల నీరసమనుకున్నాను.

ఒక మధ్యాహ్నం మగ్గం మీద నుంచి లేవబోయి పక్కకు ఒరిగిపోయాను. చట్రం నాతో పాటు పడింది, పూసలన్నీ వరండా అంతా చెల్లాచెదురయ్యాయి. అత్తమ్మ పరిగెత్తుకొచ్చి, "ఏమైంది బిడ్డా?" అంటే ఏమీ కాలేదు అనబోయాను. నాలుక తిరగలేదు. నోట్లోంచి వచ్చింది మాట కాదు. తర్వాత వాంతయింది.

మా ఆయన ఆటో తీసుకుని వచ్చేలోపు వీధిలో వాళ్ళు చేరారు. దిష్టి అన్నారు ఒకరు. మందుల మత్తు అన్నారు ఇంకొకరు. ఈవిడకు తల బాగోలేదంట గదా అన్నది ఎవరో, అది కూడా విన్నాను. మాటలు రావడం లేదే గానీ చెవులు బాగానే పనిచేస్తున్నాయి.

మా ఆయన యాప్ తెరిచి చాట్‌లో రాశాడు: మా ఇంటావిడ పడిపోయింది, నాలుక మడతపడుతోంది, డాక్టరుతో మాట్లాడాలి. జవాబు వెంటనే వచ్చింది. మీ తదుపరి అపాయింట్‌మెంట్ వచ్చే వారం ఉంది, అత్యవసరమైతే దగ్గరలోని ఆసుపత్రిని సంప్రదించండి, మీ ఆరోగ్యమే మా ఆనందం. మా ఆయన ఆ ఫోన్‌ను సీటు మీదకు విసిరికొట్టి, నన్ను ఎత్తి ఆటోలో పడుకోబెట్టాడు. అత్తమ్మ నా తల ఒళ్ళో పెట్టుకుంది. నెల్లూరు దాకా తన కొంగుతో నా మూతి తుడుస్తూనే ఉంది.

ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్నది ఒక కుర్ర డాక్టరమ్మ. "ఇంట్లో వాడే మాత్రలన్నీ తెచ్చారా?" అంది. మా ఆయన కవర్ బోర్లించాడు. ఆమె ఒక్కొక్క అట్టా తిప్పి చూసింది.

"లిథియం ఎవరిస్తున్నారు?"

"ఫోన్లో డాక్టరు, మేడం."

"ఈ నొప్పి మాత్రలు?"

"మా ఊర్లో మెడికల్ షాపు."

"ఉపవాసం ఉంటోందా?"

"ఉంటుండాది మేడం."

"రక్తంలో లిథియం ఎంతుందో ఆఖరిసారి ఎప్పుడు చూపించారు?"

మా ఆయన నా వైపు చూశాడు. "మొదట్లో ఒకసారి చేయించినాం మేడం, అంతే," అన్నాడు.

ఆమె మా మీద కేకలు వేయలేదు. నర్సును పిలిచి రక్తం తీయించింది, సెలైన్ పెట్టించింది. లిథియం ఆపేసింది. మరుసటి రోజు, నాకు మాట కొంచెం తేరుకున్నాక, మంచం పక్కన నిలబడి చెప్పింది. ఈ మందు మూత్రపిండాల గుండానే బయటకు పోవాలి. ఒంట్లో నీళ్ళు తగ్గితే లోపలే ఉండిపోతుంది. ఆ రకం నొప్పి మాత్రలు కూడా దాన్ని బయటకు పోనివ్వవు. రెండూ కలిసేసరికి రక్తంలో పేరుకుపోయి విషమైంది. ఇంకొన్నాళ్ళు ఇలాగే సాగితే కిడ్నీలు పోయేవి, మనిషే పోయేది.

"ఇది ఎవరూ చెప్పలేదా మీకు?" అంది.

ఆ ప్రశ్న దగ్గర నాకు కోపం మొదలైంది. అప్పటిదాకా భయమే ఉంది. మంచం మీద పడుకుని, చేతికి సూది, పైన తిరుగుతున్న ఫ్యాను, నేను మెల్లగా ఒక్కొక్కటీ పేర్చుకోవడం మొదలుపెట్టాను. నొప్పి మాత్రల సంగతి ఒకరికి తెలుసు. ఉపవాసం సంగతీ ఆమెకే తెలుసు. వణుకు సంగతి ఇద్దరికీ తెలుసు. ఆ మందు ఎలాంటిదో ఇంకొకరికి తెలుసు. నేను చెప్పాల్సినదంతా చెప్పాను. చెప్పినది చెప్పినచోటే ఆగిపోయింది. ఒకే కంపెనీ రెండు గదులు పక్కపక్కన పెట్టి మధ్యలో గోడ కట్టింది. ఆ గోడకు తల బాదుకుంది నేను.

సెలైన్ ఎక్కుతుండగానే ఫోన్ మోగింది. యాప్ నుంచి సందేశం. మీ ఈ నెల అనుభవానికి ఎన్ని నక్షత్రాలు ఇస్తారు? మా ఆయన చేతిలోంచి ఫోన్ లాక్కుని ఏదో అరిచాను. నాలుక ఇంకా పూర్తిగా తిరగక ఆ అరుపు నాకే అర్థం కాలేదు. నర్సమ్మ వచ్చి, "కోపం తగ్గించుకోమ్మా, బీపీ పెరుగుద్ది," అంది. ఆమె మంచికే అంది. అయినా నా కోపం ఇంకా పెరిగింది.

ఇంటికొచ్చాక కంపెనీకి ఫోన్ చేశాను. తీపిగా మాట్లాడే ఒక అమ్మాయి తీసింది. నా డాక్టరూ, నా థెరపిస్టూ ఇద్దరూ ఒకే కాల్‌లోకి రావాలి, నేను మాట్లాడాలి అన్నాను.

"సారీ మేడం, అలాంటి ఆప్షన్ లేదు."

"ఇద్దరూ మీ వాళ్ళే గదమ్మా?"

"అవును మేడం. కానీ ఒకరి నోట్స్ ఒకరికి కనిపించవు. మీ ప్రైవసీ కోసమే మేడం."

"నా ప్రైవసీనా? నేను చచ్చిపోయుంటే ఎవురికి ప్రైవసీ?"

"మీ ఇబ్బంది అర్థమైంది మేడం," అంది ఆ అమ్మాయి. ఆమెకు అర్థం కాలేదు. ఆమె ముందు రాసి పెట్టిన వాక్యం అది. ఆమె మీద అరిచి లాభం లేదని పెట్టేశాను.

అప్పుడు మా ఆయనే అన్నాడు. "వాళ్ళకు ఆప్షన్ లేకపోతే మనకు రెండు ఫోన్లు ఉండాయి గదా."

ఒకే వేళకు ఇద్దరి అపాయింట్‌మెంట్లూ దొరికే రోజు వెతికి, నా ఫోన్‌లో థెరపిస్టునూ, ఆయన ఫోన్‌లో డాక్టరునూ పెట్టించాము. ఈసారి సముద్రం వైపు పోలేదు. దాచుకోవడానికి ఇంకేం మిగిలింది? వరండాలోనే మగ్గం మీద రెండు ఫోన్లూ ఎదురెదురుగా నిలబెట్టి, పడిపోకుండా వెనక జరీ కండెలు ఆనించాను. అత్తమ్మ గడప మీద కూర్చుంది. లోపలికి పొమ్మని నేను చెప్పలేదు.

థెరపిస్టు ముందు వచ్చింది. నా ముఖం కనిపించక, "ఎక్కడున్నారు?" అంది. డాక్టరు వచ్చాడు. ఆయన తెరలో ఇంకో ఫోన్ కనిపిస్తోంది. "ఇదేంటమ్మా?" అన్నాడు.

"ఆమె నా థెరపిస్టు సార్. ఆయన నా డాక్టరు మేడం. మీ ఇద్దరూ ఒకర్నొకరు చూసుకోవడం ఇదే మొదలు," అన్నాను. మాట స్పష్టంగా వచ్చింది. తర్వాత రెండు చేతులూ ఆ ఫోన్ల మధ్యలో చాచాను. మందు ఆపి కొన్నాళ్ళయినా ఇంకా వణుకుతూనే ఉన్నాయి. "ఇవి నా చేతులు. మీరిద్దరూ ఎప్పుడూ చూడలేదు."

జరిగిందంతా చెప్పాను. ఆసుపత్రి చీటీ కెమెరా ముందు పెట్టాను. డాక్టరు చదివాడు. మొదటిసారి ఆయన కళ్ళు పక్క తెర మీద నుంచి ఇటు తిరిగాయి.

"నొప్పి మాత్రలు వాడుతున్నట్టు నాకు చెప్పలేదు కదమ్మా."

"మీరు అడిగినారా సార్?"

"పేషెంటే చెప్పాలి..."

"నేను ఆమెకు చెప్పినాను. ఆమె మీకు చెప్పదు. మీరు ఆమెను అడగరు. రక్తపరీక్ష సంగతి ఎవురు గుర్తుపెట్టుకోవాల సార్? నేనా? మొదటి మేడం రాసి పెట్టినది మీ ముందర లేదా? నిద్ర, ఆకలి, మూడ్, ఈ మూడు మాటలకు మీరు డాక్టరు ఎందుకు? మా అత్తమ్మ అడుగుతాది రోజూ!"

గొంతు లేచింది. వీధిలో పోతున్నవాళ్ళు ఆగారు. డాక్టరు కళ్ళజోడు సర్దుకున్నాడు. గొంతు మెత్తబరిచి, థెరపిస్టుతో అన్నట్టుగా, "చాలా ఇరిటబుల్‌గా ఉన్నారు. మందు ఆపారు కదా, మళ్ళీ ఎపిసోడ్ మొదలవుతుండొచ్చు. ఈ కోపానికి ఏదైనా ఇద్దాం," అన్నాడు.

అంతకంటే పెద్ద దెబ్బ నాకు ఎవరూ కొట్టలేదు. నా కోపాన్ని కూడా జబ్బులో కలిపేశాడు. ఇక నేనేం మాట్లాడినా అది లక్షణమే. అరిస్తే లక్షణం, ఏడిస్తే లక్షణం. నోరు మూసుకుంటే బాగైనట్టు. చాచిన చేతులు వెనక్కి తీసుకున్నాను.

మాట్లాడింది థెరపిస్టు. "లేదు డాక్టర్ గారూ. నేను ఈమెతో వారం వారం మాట్లాడుతున్నాను. ఈమెకు ఎపిసోడ్ వచ్చినప్పుడు ఎలా ఉంటుందో ఈమె నోటనే విన్నాను. ఇది అది కాదు. ఆమెకు కోపం వచ్చింది. రావాల్సిన చోటే వచ్చింది." తర్వాత, "నా మీద కూడా రావాలి," అంది. "చేతులు వణుకుతున్నాయంటే లిథియం వాడే మనిషి అని తెలిసి కూడా ఊపిరి పీల్చుకోమన్నాను. నేను మీకు ఒక్క ఫోన్ చేసి ఉండాల్సింది."

"నా నంబర్ మీకు ఉండదు కదా," అన్నాడాయన, తన తప్పేమీ లేనట్టు. అది నిజమే. నంబర్ లేదు. ఇద్దరికీ జీతమిచ్చే చోట ఒకరి నంబర్ ఒకరికి ఇచ్చే నాథుడు లేడు.

డాక్టరు క్షమించమనలేదు. కొత్త మందు ఒకటి రాస్తానన్నాడు. వద్దన్నాను. ఆ ఫోన్‌ను మా ఆయనే ఆపేశాడు. రెండో ఫోన్‌లో థెరపిస్టు ఇంకా ఉంది. ఆమె మీద కూడా నాకు కోపంగానే ఉంది, నా వైపు మాట్లాడినంత మాత్రాన అది పోలేదు. ఆ మాట ఆమెకే చెప్పాను. "సరే," అంది. "ఆ కోపంతోనే వచ్చే వారం రండి. కానీ రండి."

వెళ్ళాను. ఇప్పటికీ వెళ్తున్నాను, కానీ ఆ కంపెనీ ద్వారా కాదు. ఆమె తర్వాత కొన్నాళ్ళకు దాన్ని వదిలేసి సొంతంగా పెట్టుకుంది. నెల్లూరు ఆసుపత్రిలో నన్ను చూసిన కుర్ర డాక్టరమ్మ తనకు తెలిసిన సైకియాట్రిస్టు దగ్గరకు పంపింది. ఆవిడ మొదటిసారి మనిషిని చూడకుండా మందు రాయనంది. నెల్లూరు వెళ్ళాను, పట్టపగలు, మా ఆయన ఆటోలో ముందు సీట్లో ఆయన పక్కనే కూర్చుని. తర్వాత ఫోన్‌లోనే చూస్తోంది. చేతులు చాచమంటుంది. నాలుగడుగులు నడిచి చూపించమంటుంది. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ కెమెరా ముందు పెట్టిస్తుంది. నెలకొకసారి ఆవిడా, థెరపిస్టూ ఇద్దరూ ఒకే కాల్‌లోకి వస్తారు, నేను మధ్యలో ఉంటాను. ఒకరోజు వాళ్ళిద్దరూ నా నిద్ర గురించి ఒకరితో ఒకరు వాదించుకున్నారు. వింటూ కూర్చున్నాను. నా గురించి ఇద్దరు మనుషులు గొడవపడటం అంత హాయిగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

కాబట్టి ఇది చేయలేని పనేం కాదు. ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. ఇద్దరు మనుషులు మాట్లాడుకోవాలి, అంతే. అది తెలిశాక నా కోపం తగ్గాల్సింది పోయి పెరిగింది. ఇంత తేలికైన పని వాళ్ళు ఎందుకు చేయలేదు?

చేతులు చాలావరకు నిలిచాయి. సన్నటి పూసల పని ఇంకా ఒప్పుకోవడం లేదు, జరీ వరకే. కొత్త మాత్రతో ఒళ్ళు పెరిగింది, పాత జాకెట్లు పట్టడం లేదు, దాని గురించి కూడా డాక్టరమ్మతో పోట్లాడుతున్నాను. ఈ ఏడు రంజాన్‌కు పక్కింటావిడ వచ్చి నువ్వు ఒక్కపొద్దు ఉండటం లేదా అని అడిగితే, నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ లోపలి నుంచి, "దానికి ఒంట్లో బాగలేదు. జబ్బుకి మందు తింటుండాది," అంది. అంతకుమించి ఆమె నాతో ఆ సంగతి ఎప్పుడూ మాట్లాడలేదు.

కంపెనీకి మాత్రం ఫిర్యాదు రాశాను. మీ అభిప్రాయానికి ధన్యవాదాలు, మీకొక ఉచిత సెషన్ ఇస్తున్నాం అని జవాబొచ్చింది. మళ్ళీ రాశాను. ఈసారి వేరే పేరుతో అదే జవాబు. మళ్ళీ రాశాను. లిథియం తీసుకునే ఎవరినైనా సరే రక్తపరీక్ష గురించి ఎవరు అడుగుతారు, థెరపిస్టుకు తెలిసినది డాక్టరుకు ఎలా చేరుతుంది, ఈ రెండిటికీ జవాబివ్వండి అని రాశాను. వాళ్ళ ప్రకటన ఇప్పటికీ నా ఫోన్‌లో వస్తుంటుంది. నవ్వుతున్న ఒక అమ్మాయి, పక్కన తెల్లకోటు వేసుకున్న ఒకాయన, ఇద్దరూ ఒకే బొమ్మలో.

"వదిలెయ్ ఇంక," అంటాడు మా ఆయన. "నువ్వు బాగుండావు గదా."

బాగున్నాను కాబట్టే రాయగలుగుతున్నాను. ఆ తెర ముందు ఇప్పుడు ఇంకెవరో కూర్చుని ఉంటారు. నిద్ర పడుతోంది సార్ అంటుంటారు. నిన్న సాయంత్రం కూడా రాశాను, ఇంతకుముందు అడిగినవే, ఇంకొంచెం గట్టిగా.